రిహంద్ ఒడ్డున మూడు రోజులు

పొగమంచు కారణంగా మా రైలు కాశీకి నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. జనవరి మాసంలో ఆ ప్రాంతాలకు పోయేవారు ఆలస్యాన్ని కూడా ప్రయాణంలో ఒక భాగంగానే లెక్కించుకోవాలి. అక్కడినుండి కారులో రాబర్ట్స్‌గంజ్, మార్కుండి ఘాటు మలుపులు, చోపన్ వద్ద సోన్ నది వంతెన, రేణుకూట్ దాటి పిప్రీ చేరగానే రిహంద్ ఆనకట్ట కనిపిస్తుంది. 1962లో పూర్తయిన ఈ కాంక్రీటు కట్టడం పొడవు సుమారు 934 మీటర్లు, ఎత్తు 91 మీటర్లు. దాని వెనుక నిలిచిన గోవింద వల్లభ పంత్ సాగర్ చుట్టూ, బొగ్గు గనుల ముంగిట, విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. రాత్రివేళ పొగగొట్టాల ఎర్రదీపాలు ఆ నీటిలో వణుకుతూ ఉంటే, దాని అడుగున మునిగిపోయిన గ్రామాలు తలపునకు రాక మానవు.

నేను వెళ్ళింది విహారానికి కాదు. అక్కడి ఒక యూనిట్‌లో సమాచార భద్రతకు చెందిన పనులు ఎన్ని మనిషి ప్రమేయం లేకుండా సాగుతున్నాయో కొలిచి రమ్మని పంపారు. ఆ యూనిట్ ముఖ్యాధికారీ నేనూ ఒకే ఏడాది శిక్షణార్థులుగా చేరినవాళ్ళం. విజయనగరం మనిషి. కొద్ది నెలలలో పదవీ విరమణ. మొదటి రాత్రి వారింట భోజనం చేస్తూ పాత హాస్టలు రోజుల ముచ్చట్లతో పొద్దు తెలియలేదు.

ఈ కొలత అనుకున్నంత సులభం కాదు. ఐ.ఎస్.ఓ. 27001 ప్రమాణపు 2022 కూర్పులో 93 నియంత్రణలున్నాయి. వాటిలో ఉద్యోగుల శిక్షణ, ఒప్పందాలు, తలుపుల కాపలా వంటివి ఏ ప్రోగ్రాముకూ అప్పగించగలిగేవి కావు. 2011లో మాంటెసినో, ఫెంజ్ అనే పరిశోధకులు ఇటువంటి ప్రమాణాలను పరిశీలించి, సుమారు 30 శాతం నియంత్రణలను మాత్రమే స్వయంచాలకం చేయవచ్చునని తేల్చారు. కనుక నూటికి నూరు సాధించామని ఎవరైనా చెబితే, ముందుగా దేనిని నూరుగా తీసుకున్నారో అడగాలి.

ఆ యూనిట్ వారు యంత్రానికి అప్పగించదగిన పనులు 20 ఎంచి, 16 స్వయంచాలకమయ్యాయని వ్రాశారు. రెండవ రోజు ఒక్కొక్కటీ చూడసాగాను. వైరస్ నిరోధక నవీకరణ, ప్యాచ్‌ల పంపిణీ బాగున్నాయి. గడియారాల దగ్గర కొంచెం ఆగవలసి వచ్చింది. కంప్యూటర్ల గడియారాలు ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో సరిపోవాలనీ, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలనీ, భద్రతా ఘటన తెలిసిన 6 గంటలలోగా తెలియజేయాలనీ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. అక్కడ రెండు సర్వర్ల మధ్య ఏడు నిమిషాల తేడా ఉంది. దొంగ ముందు ఏ గదిలో దూరాడో చెప్పవలసివస్తే ఏడు నిమిషాలు తక్కువ కాలమేమీ కాదు.

అసలు చిక్కు బ్యాకప్‌తో వచ్చింది. ప్రతి అర్ధరాత్రీ అది తనంతట తాను జరుగుతుంది, ‘విజయవంతం’ అని సందేశమూ వస్తుంది. “ఏదీ, నిన్నటి స్టోర్సు ఫైలు ఒకటి వెనక్కు తెచ్చి చూపించు,” అన్నాను. గుంటూరు వైపునుండి వచ్చిన యువ ఇంజనీరు అరగంట వెదికి, ముఖం వాడిపోయి, “లేదు సార్,” అన్నాడు. కొన్ని నెలల క్రితం ఫోల్డరు పేరు మారింది. యంత్రం ప్రతి రాత్రీ ఖాళీ ఫోల్డరును శ్రద్ధగా నకలు తీస్తున్నది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ పాలైనపుడు రోజుల తరబడి పనులు కాగితాల మీద సాగించవలసివచ్చింది. మన స్టోర్సుకు అటువంటి గతి పడితే ఏమయ్యేదో ఆ గదిలో ఎవరికీ వివరించనక్కరలేకపోయింది.

ఇంకొక పక్క, విరమించినవారి ఖాతాలు మూసే పని పూర్తిగా చేతిదే. సిబ్బంది విభాగంలోని ఒక పెద్దావిడ నో డ్యూస్ ఫారం మీద సంతకం పెట్టేముందు కంప్యూటరు విభాగానికి ఫోను చేసి, ఖాతా మూసిన వేళ రిజిస్టరులో వ్రాసుకుంటారు. గత రెండేళ్ళ పేర్లన్నీ సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు. నా పట్టికలో మాత్రం దానికి సున్నా.

కాంక్రీటు ఆనకట్టల గర్భంలో తనిఖీ సొరంగాలుంటాయి. పరికరాలు అమర్చినా, ఊటనీటి కొలత చూసి వచ్చేందుకు మనిషి లోపలికి దిగుతూనే ఉంటాడు. అది తలచుకుని పట్టికలో మరొక నిలువు గడి గీశాను: పని జరిగిందని ఎవరు, ఎప్పుడు రుజువు చూశారు? ఆ గడి నింపేసరికి 16 కాస్తా 11 అయింది. పెద్దావిడ రిజిస్టరుకు సున్నా పక్కన పూర్తి రుజువు పడింది.

సాయంత్రం మిత్రుడు కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. “ఈ అంకె మీదే యూనిట్ వార్షిక మదింపు ఉందని తెలుసు కదా నీకు? ఫోల్డరు ఈ రాత్రే సరిచేయిస్తాను. 16 ఉంచెయ్యి,” అన్నాడు. సరిచేయించు, అది కూడా తేదీతో వ్రాస్తాను, కాని నేను చూసిన రోజున ఉన్నది 11 అన్నాను. ముప్పై ఏళ్ళ స్నేహంలో అతడు నన్నొక కోరిక కోరడం అదే మొదటిసారి. ఆ రాత్రి గెస్ట్ హౌస్‌లోనే తిన్నాను.

మూడవ రోజు ఉదయం కారు బయలుదేరే వేళకు అతడే వచ్చాడు. నివేదిక మాట ఎత్తలేదు. మార్కుండి దగ్గర మంచు ఉంటుంది, నెమ్మదిగా పొమ్మని డ్రైవరుకు చెప్పి, వాళ్ళావిడ కట్టి ఇచ్చిన పులిహోర పొట్లం నా చేతిలో పెట్టాడు. చోపన్ వంతెన దాటేదాకా నేను దానిని విప్పలేదు.