కుడతినివాడు ఏ రాష్ట్రపువాడు?

బళ్లారి నుండి హోసపేటకు పోవు బాటమీద కుడతిని అను మా ఊరు కలదు. నవశిలాయుగమునాటి పశుపాలకులు తమ మందలు విడిచిన పేడను తరతరములుగా కుప్పవేసి కాల్చుటవలన ఏర్పడినదని పురాతత్త్వజ్ఞులు నిర్ణయించిన బూడిదదిబ్బ యొకటి ఆ ఊరికి ప్రాచీనకీర్తి కాగా, 1700 మెగావాట్ల బళ్లారి థర్మల్ విద్యుత్కేంద్రము ఆధునికకీర్తియై, తన వంతు బూడిదను తానును పోయుచున్నది. చరిత్రకు రెండు కొసలయందును బూడిదయే గల ఊరు మాదని నేను కువైటులోని మిత్రులతో పరిహాసమాడుచుందును. ఆ రెండు బూడిదల నడుమ బ్రతుకు మా జనము ఇంట తెలుగును, బడిలో కన్నడమును, సంతలో ఎదుటివాని ముఖమును బట్టి ఏది నోటికి వచ్చిన దానిని మాట్లాడుదురు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించిన దినముననే మద్రాసు రాష్ట్రములోని బళ్లారి జిల్లా చీలి, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చేరగా, జస్టిస్ మిశ్రా నివేదిక ననుసరించి బళ్లారి తాలూకా మైసూరు పాలయ్యెను. ఆ తీర్పు న్యాయమా కాదా యను తగవు మా తాతలతోడనే తీరిపోయినది; నాకు దానిమీద అభిప్రాయము లేదు, ఉన్నను ఇచట దానితో పనిలేదు. కాని ఆనాడు నేలమీద గీచిన గీత ఇన్నేండ్లకు సముద్రముదాటి, కువైటులోని మన రాయబార కార్యాలయపు వరండాలో కాగితములు చేతపట్టుకొని కూర్చున్నవాని ఒడిలోనికి వచ్చి పడునని మాత్రము నేను ఇచటికి వచ్చిన పిమ్మటనే తెలిసికొంటిని.

నేనిచట నొక నిర్మాణసంస్థలో లెక్కలు వ్రాయుచు, తీరిక చిక్కిన దినములలో, కష్టములో నున్న మనవారి గోడును తెలుగున విని ఆంగ్లమున అర్జీగా వ్రాసిపెట్టుచుందును. అట్లు వచ్చువారిలో రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికై ఖాదిమా వీసాపై వచ్చిన స్త్రీలు అధికము. జీతము అందలేదని కొందఱు, కఫీలు, అనగా పనికి పెట్టుకొన్న యజమాని, పాస్‌పోర్టు దాచెనని కొందఱు, బతాకా యను గుర్తింపుకార్డు గడువు తీరి బయట తిరుగుటకు భయపడుచు కొందఱు. వీరికి రాయబార కార్యాలయమున ఆశ్రయగృహము కలదు, ఫిర్యాదు వ్రాసికొను కిటికీ కలదు; స్వదేశమునకు ఒక్కమారు పోవుటకు మాత్రమే పనికివచ్చు ఎమర్జెన్సీ సర్టిఫికేట్, అనగా జనుల నోట ఔట్‌పాసు, అచటనే లభించును. అయినను మొదటిసారి వచ్చినవాడు ఆ కిటికీ వంక చూడడు. ఎవరైనా తెలిసినవారు ఉన్నారా అని చుట్టును పరికించును. మన దేశమున ప్రభుత్వ కార్యాలయపు గడప త్రొక్కిన ప్రతివానికిని ఆ చూపు అలవడి యుండుటచే నేను దానిని తప్పుపట్టను. కాని ఆ చూపువలన జరుగు నష్టమును గూర్చియే నాకు చెప్పవలసినది కొంత కలదు.

మా ఊరి దాపు పల్లెనుండి ఒక కుఱ్ఱవాడు ఇంటిపనివారికిచ్చు ఇరవయ్యో నంబరు వీసాపై, ఇంటి డ్రైవరు పనియని చెప్పిన ఏజెంటు మాటనమ్మి వచ్చెను. ఉక్కు కర్మాగారములు వచ్చునని 2010 ప్రాంతమున భూములు సేకరింపబడి, కర్మాగారములు రాక, తమ పైరును తమకు లేక మిగిలిపోయిన కుటుంబములు మా వైపున పెక్కు కలవు. వీనిది అందులో నొకటి. కువైటులో దిగిన మఱునాడే వానిని ఎడారిలో గొఱ్ఱెలవెంట నిలిపిరి. గుడారము, గొఱ్ఱెలు, నీటిట్యాంకరు, వారమున కొకమారు వచ్చు కఫీలు. కొన్ని నెలలకు వాడు పాఱిపోయి, నగరమున మనవారి గదులలో తలదాచుకొనెను. కఫీలు పరారీ కేసు పెట్టెను. నాయొద్దకు వచ్చునప్పటికి వానిచేత నున్నది సెల్‌ఫోను మాత్రమే.

"అన్నా, తెలుగు సంఘమోల్లని అడిగితే నీది కర్ణాటక కదప్పా అనిరి. కన్నడమోల్లకాడికి పోతే నాకి వాళ్ల మాదిరి మాట్లాడేకి రాలేదు. నేనెవురోన్ని అన్నా?" అని వాడడిగెను.

నేను నాకు తెలిసిన సరిహద్దు కావలి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు కార్యాలయమునకు ఫోను చేయగా, వారు మర్యాదగనే, బళ్లారి తమ పరిధిలోనికి రాదని చెప్పిరి. వారి తప్పేమియు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్ర భరోసా బీమా ఆ రాష్ట్రపువారికి. గల్ఫులో మరణించిన వారి కుటుంబములకు 5 లక్షల రూపాయలిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో చేసిన ఏర్పాటు ఆ రాష్ట్రపువారికి. ఎవరి పన్నుల ధనముతో నడచునది వారికే చెందుట సహజము. భాషాభిమానముచేత ఖజానా తలుపు తెఱచికొనదు. కాని ఈ రాష్ట్రముల వితరణ పెరిగినకొలది, సహాయమనగా రాష్ట్రమిచ్చునదియే యను భావము గల్ఫు గదులలో పాదుకొని, అందఱికిని సమానముగా తెఱచియున్న తలుపు మఱుగున పడినది. ఆ తలుపు రాయబార కార్యాలయపు కాన్సులర్ విభాగము. అచటి ఉద్యోగి ఆ కుఱ్ఱవాని భాష యడుగలేదు. భారతీయుడవని చూపునదేమున్నది అని మాత్రమే యడిగెను.

చిక్కంతయు అచటనే వచ్చినది. పాస్‌పోర్టు కఫీలు చేత. దాని నకలు వానియొద్ద లేదు. ఇంట తల్లికి అది ఎట్లుండునో కూడ తెలియదు. నకలు లేనిచో పాస్‌పోర్టు నంబరు, నంబరు లేనిచో స్వగ్రామమున పోలీసు విచారణ, దానికి ఎంతకాలము పట్టునో ఎవడును చెప్పజాలడు. కడకు, ఏజెంటు ఏనాడో వాట్సాప్‌లో పంపి, వాడు తుడిచివేయుట మఱచిన వీసా కాగితపు బొమ్మ వాని ఫోనులో దొరకినది. దానిలో పాస్‌పోర్టు నంబరు స్పష్టముగ నుండెను. గంటసేపు ఆ ఫోనును వెదకిపెట్టినవాడు కలబురగినుండి వచ్చిన కన్నడిగుడైన నా సహోద్యోగి యని ప్రత్యేకించి చెప్పవలసియున్నది. తరువాతి దంతయు నెమ్మదిగనే యైనను క్రమముగ జరిగెను: అర్జీ, వేలిముద్రలు, కేసు తీరుట, ఔట్‌పాసు, బెంగుళూరు విమానము.

రాయబారి తలచుకొన్నచో జైలు తలుపులు తెఱచుకొనునని మనవారనుకొందురు. అది సత్యము కాదు. 1963లో వియన్నాలో కుదిరిన కాన్సులర్ సంబంధముల ఒడంబడికయే ఈ వ్యవహారమునకు మూలము. పరదేశమున బంధింపబడినవాడు కోరినయెడల అచటి అధికారులు ఆలస్యము చేయక వాని దేశపు కాన్సులేటునకు తెలుపవలెననియు, కాన్సులేటు ఉద్యోగి వానిని చూచి మాటాడి వకీలును ఏర్పాటు చేయవచ్చుననియు దాని 36వ అధికరణము చెప్పుచున్నది. అనగా కాన్సులు రాగలడు, వినగలడు, వకీలును చూపగలడు, న్యాయము సరిగ జరుగుచున్నదా యని కనిపెట్టగలడు. తీర్పును మార్చజాలడు, జీతము ఇప్పింపజాలడు, కఫీలును శిక్షింపజాలడు. ఈ పరిమితమైన హక్కు ఎంత విలువైనదో తెలియవలెనన్నచో పాకిస్తాన్ బంధించిన భారతీయుడు కులభూషణ్ జాధవ్ వ్యవహారమును తలచుకొనవలెను: ఆ కాన్సులర్ దర్శనమును నిరాకరించి పాకిస్తాన్ 36వ అధికరణమును ఉల్లంఘించినదని అంతర్జాతీయ న్యాయస్థానము 2019 జూలై 17వ తేదీన తీర్పు చెప్పెను. ఒక ప్రభుత్వము హేగు నగరమువఱకు పోయి పోరాడి సాధించిన ఆ హక్కును, జైలులోనున్న మన నిజామాబాదువాడో కడపవాడో నోరు తెఱచి అడుగక పోగొట్టుకొనుట నేను చూచితిని. ఎందుకనగా, వాడు కోరినయెడల అని ఒడంబడికలో నున్నది. కోరవలెనని వానికి ఎవరును చెప్పలేదు.

చదువురానివారికే ఈ గతి యనుకొనుట పొరపాటు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మోసపు సంస్థయని తేలి మూతపడినప్పుడు వీథిన పడిన భారతీయ విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఆంధ్రదేశపువారు. వారిలో కొందఱి కాళ్లకు నిఘాపట్టీలు తగిలించిరి. వారి పక్షమున గట్టిగ మాట్లాడిన నాటి విదేశాంగమంత్రి మండ్య జిల్లాకు చెందిన కన్నడిగుడు, ఎస్.ఎం. కృష్ణ. 2015 జూలైలో లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయమున బోధించుచుండిన నలుగురు భారతీయ అధ్యాపకులు అపహరింపబడిరి. కర్ణాటకమువారిద్దఱు కొద్దిదినములలోనే విడుదల కాగా, తెలుగువారిద్దఱు 2016 సెప్టెంబరు వఱకు బందీలుగనే యుండిరి. ఆ రోజులలో మా గదులలో కొందఱు దీనిని కూడ రాష్ట్రముల పలుకుబడి లెక్కలో వేసి మాట్లాడుకొనిరి. బందిపోటుకు రాష్ట్రముతో పనియేమి?

సుష్మా స్వరాజ్‌ను గూర్చి చెప్పక మా బళ్లారివాడెవడును ఈ విషయమును ముగింపజాలడు. 1999లో ఆమె సోనియా గాంధీపై మా నియోజకవర్గమున పోటీచేసి, కొద్దిదినములలో కన్నడము నేర్చి సభలలో ప్రసంగించి, ఓడియును మమ్ములను విడువక, ఆ తరువాత ఏండ్ల తరబడి వరలక్ష్మీవ్రతమునకు బళ్లారికి వచ్చుచుండిరి. మా ఇంటి స్త్రీలకు ఆమె ఏ పక్షమువారో జ్ఞాపకమున్నదో లేదో కాని, ఆ నుదుటి బొట్టు మాత్రము నేటికిని జ్ఞాపకమే. 2014నుండి 2019వఱకు విదేశాంగమంత్రిగా ఆమె చేసిన పని, అంతవఱకు దౌత్యవేత్తల దస్త్రములలో నుండిన కాన్సులర్ సహాయమును సామాన్యుని చెవికి చేర్చుట. ఫిర్యాదు నమోదుచేసి, అది ఏ దశలోనున్నదో ఇంటనుండియే చూచికొనుటకు వీలగు మదద్ అను వ్యవస్థ 2015లో ఆమె కాలముననే వచ్చినది. ట్విట్టరున ఒక వాక్యము వ్రాసినవానికి ఆమె స్వయముగ బదులిచ్చిన సందర్భములు అనేకము. ఆమెయందు నాకు గల గౌరవము అట్లుంచి, ఒక్కమాట అనవలసియున్నది: ఆ బదుళ్లు మనకు ముందే యున్న సిఫారసు జబ్బునకు కొంత బలమిచ్చినవి. మంత్రి చూచినగాని పని కాదను నమ్మకము, మదద్‌లో నమోదు చేసికొని ఊరకుండువాని నమ్మకముకంటె గట్టిది. గల్ఫునందలి కుఱ్ఱవాండ్రు ఈనాటికిని వీడియోలో ఏడ్చి, అది ఏ నాయకుని కంటనైన పడునని వేచియుందురు. అదే దినమున అర్జీ యిచ్చియుండినచో వారి వరుస సంఖ్య ఎంతో ముందునకు జరిగియుండును.

సహాయమును దయగా భావింపరాదనుటకు కారణమొకటి కలదు. 2009లో ఏర్పడి, 2017లో నిబంధనలు విస్తరింపబడిన భారతీయ సమాజ సంక్షేమనిధి నుండియే ఆపన్నులకు విమానపు టికెట్టు, తాత్కాలిక వసతి, న్యాయసహాయము, అత్యవసర వైద్యము, మృతదేహమును ఇంటికి చేర్చు ఖర్చు మున్నగునవి అందుచున్నవి. ఆ నిధికి ధనమెక్కడిది? కాన్సులర్ సేవలకు వచ్చు ప్రతివానినుండి రుసుముతోపాటు వసూలుచేయు చిన్నమొత్తము. నేను పాస్‌పోర్టు మార్చుకొన్నపుడు ఇచ్చితిని, గొఱ్ఱెల కాపరియు ఇచ్చియుండును. కనుక అక్కఱ తీవ్రత చూచి పంచుట న్యాయమేకాని, పుచ్చుకొనువాడు తల వంచుకొనవలసిన పనిలేదు.

2024 జూన్ 12వ తేదీన కువైటులోని మంగాఫ్‌లో కార్మికులుండిన భవనము కాలినప్పుడు మరణించినవారిలో అత్యధికులు భారతీయులు. డీఎన్ఏ పరీక్షలతో 45 మంది దేహములను గుర్తించి, రెండు దినములలో వాయుసేన విమానమున కొచ్చికి చేర్చిరి. ఆ వేగమును దగ్గఱనుండి చూచినవాడను గనుక, మన ప్రభుత్వమునకు చేతకాదను మాటను నేనిక ఒప్పుకొనను. కొచ్చిలో దిగిన తరువాత మృతుల పట్టిక రాష్ట్రముల వారీగా విడిపోయెను. ఆంధ్రప్రదేశ్‌వారు ముగ్గురు, కర్ణాటకమువాడు ఒకడు. కువైటులో నున్నంతవఱకు ఆ విభజనకు తావు లేదు.

అయితే ఈ సమర్థత అంతయు ప్రమాదము జరిగిన పిదప కనబడునది. బయలుదేరుటకు ముందు చేయవలసినదానియందు మనము వెనుకబడియున్నాము. పదవతరగతి ఉత్తీర్ణుడు కానివాడు కువైటు మొదలగు 18 దేశములకు పనికి పోవలెనన్నచో వలస అనుమతి తప్పనిసరి. దానితో ప్రవాసీ భారతీయ బీమా, రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియముతో 10 లక్షల రక్షణ, తప్పనిసరిగ వచ్చును. ఏజెంటు ఈ త్రోవను తప్పించి విజిట్ వీసాపై పంపినచో, 275 రూపాయలతో పోవలసినది ఎన్నో లక్షలతో పోవును. బళ్లారి బస్సుస్టాండులో సిమెంటు ప్రకటనలకు గోడ దొరకునుగాని, ఈ ముక్క వ్రాయుటకు దొరకదు.

కుఱ్ఱవాడు ఇల్లు చేరెను. ఇప్పుడు మా జిల్లాలోని తోరణగల్లులో కాంట్రాక్టరు క్రింద పనిచేయుచున్నాడట. నిన్ననో మొన్ననో వాని తమ్ముడు నాకు ఫోను చేసెను. వానికి మస్కటులో పని కుదిరినదట. పాస్‌పోర్టు మొదటి పుట, చివరి పుట, వీసా, పని ఒప్పందము నాలుగింటిని ఫొటోలు తీసి తల్లి ఫోనులో ఒకటి, నీ ఫోనులో ఒకటి పెట్టుమనియు, వలస అనుమతి లేక విమానమెక్కవద్దనియు, మస్కటు చేరగనే మన రాయబార కార్యాలయపు నంబరు వ్రాసికొనుమనియు నేను విడమరచి చెప్పితిని. వాడు ఓపికతో అంతయు విని, "అట్లే అన్నా. మస్కటు ఎంబసీలో మనకి తెలిసినోల్లు ఎవురన్నా ఉండారా?" అని యడిగెను. ఎవరును లేరనియు, పోయి టోకెను తీసికొని వరుసలో కూర్చుండుమనియు చెప్పితిని.