మూత, అతో, మా చిన్నతాత

టపాసులంటే మన వైపు దీపావళికి కాల్చేవి. తపస్సుకు తద్భవం తపసు. ఈ రెండే తెలిసిన నాతో, కిందటి వేసవిలో చెన్నపట్నంలో మా అమ్మాయి "నాన్నా, ఈ రాత్రి తపాస్ తినను పోదాం" అన్నప్పుడు తెల్లబోయాను. మిత్రులారా, పండిత శిక్షణ పొందినవాడికి కొత్త మాట వినబడగానే వ్యుత్పత్తి వెదకడం ఒక వ్యాధి. స్పానిష్ భాషలో 'తాపా' అంటే మూత. మధుపాత్రలో ఈగలు పడకుండా పైన కప్పిన రొట్టెముక్కతో ఈ పేరు పుట్టిందని ఒక కథ. ఆ దేశంలో అది అంగడిలో నిలబడి నలుగురూ పంచుకొని తినే చిరుతిండి. గ్రనాడా నగరంలో పానీయం అడిగితే ఒక చిన్న పళ్ళెం ఊరకే ఇస్తారట.

మేము పోయిన చోట ఊరకే దొరికినది చల్లగాలి మాత్రమే. కారపు ముద్ద పోసిన బంగాళాదుంప వేపుడు, టమాటా పులిమిన రొట్టె, కొన్ని ఆలివ్ కాయలు. రుచికి వంక పెట్టను. బిల్లు మాత్రం 1983లో నేను ఉద్యోగంలో చేరిననాటి ఆరు నెలల జీతమంత. బయటికి రాగానే మనవడు నా చెవిలో, "తాతా, ఆకలిగా ఉంది" అన్నాడు.

మరునాటి సాయంకాలం వాణ్ణి నేను పిల్చుకొని పోయాను, బీచ్ స్టేషన్ దగ్గరికి. 1639లో ఇంగ్లీషువారికి ఆ తీరపు నేలను ఇచ్చిన దామర్ల నాయకుడు, మా చంద్రగిరి ఏలిన ఆరవీటి రాయలకు సామంతుడు. అందుచేత ఆ పట్నం వీధుల్లో నడుస్తుంటే మా ఊరివాళ్ళకు కొంత అద్దె రావలసి ఉన్నట్టుగా అనిపిస్తుంది. అది అలా ఉంచుదాం.

సెకండ్ లైన్ బీచ్ వీధిలో, బర్మా బజారు వెనుకగా, తోపుడుబండ్ల మీద 'అతో' అమ్ముతారు. బర్మా భాషలో కలిపిన వంటకాన్ని 'అథోక్' అంటారు. సముద్రం దాటేటప్పుడు చివరి హల్లు జారిపోయింది. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు కట్టుబట్టలతో తిరిగివచ్చిన మనవాళ్ళు తెచ్చుకొన్న ఆస్తి ఇది. వారికి ముందు మరొక విడత ఉంది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాక, లక్షలాదిమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చారు. వారిలో కోరంగి రేవు పేరుతో అక్కడ 'కోరంగీలు' అనిపించుకొన్న తెలుగువారు ఎందరో. మా తాతగారి తమ్ముడు, మా చిన్నతాత, ఒకడు.

రంగూనులో బియ్యపు వర్తకుడి వద్ద గుమాస్తాగా ఉండినాడు. నలుగురు కలిసి బయలుదేరారనీ, ఊరు చేరింది ఇతనొక్కడేననీ మా జేజి చెప్పేది. దారి గురించి ఆయన నోటినుంచి ఒక్క ముక్క రాలేదు. చెప్పినదంతా తిండి గురించే. ఖావ్‌స్వే అమ్మేవాడు తట్టలో చెయ్యి పెట్టి ఎలా కలిపేవాడో, ఖాళీ చెయ్యి గాలిలో తిప్పి చూపేవాడు. 1979లో నేను తిరుపతి ప్రాచ్యకళాశాలలో విద్వాన్ చదువుతుండగా, మద్రాసులో ఆ తిండి అమ్ముతున్నారని ఎవరో ఆయన చెవిన వేశారు. "ఒరే అబ్బోడా, ఒక్కసారి పిల్చుకోనిపోరా, కండ్లు సరిగా కనపడవు" అని అడిగినాడు. అమరకోశం కంఠస్థమైన కొత్త గర్వం నాది. వీధిలో నిలబడి, ఎవడో చేత్తో కలిపినది తినడమా? పరీక్షలున్నాయన్నాను. మరి అడగలేదు. 1981లో పోయినాడు.

బండివాడిని గుడ్డు వేయవద్దన్నాను. నూడుల్స్, తురిమిన కోసు, ఉల్లి, ఎర్రగా వేయించిన వెల్లుల్లి, చింతపండు రసం, కారం, నలిపిన పిండి అప్పచ్చి అన్నీ తట్టలో వేసి చేత్తో కలిపాడు. నాలుగుసార్లు అటు, ఒకసారి ఇటు. ఆ తిప్పడం నేనెరుగుదును. పక్కన గిన్నెలో అరటిదూట చారు ఊరకే పోశాడు, అయిపోతే మళ్ళీ పోశాడు. ఇద్దరికీ కలిపి అయినది క్రిందటి రాత్రి ఆలివ్ కాయల పాటి లేదు. పులుపూ కారమూ కలిసి ముక్కు నీరు కారింది; మనవడు రెండో పళ్ళెం అడిగాడు.

తింటూ తింటూ చిన్నతాత కథ చెప్పాను.

"మరి ఆయన్ని ఎందుకు తీసుకురాలేదు తాతా?"

పరీక్షలుండినాయని చెప్పబోయాను. నోరు రాలేదు. "నామోషీ నాయనా" అన్నాను.

వాడేమీ అనలేదు. తన గిన్నెలోని చారులో సగం నా గిన్నెలోకి వంచి, మిగిలింది తాగాడు.