కాటారం ఎండకు ల్యాప్‌టాప్ లెక్కలు

మే నెలలో కాటారం చౌరస్తాకు వెళ్లి, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే బల్ల దగ్గర నిలబడితే ముందు కంటబడేది దుమ్ము. అడుగు మూత విప్పగానే ఫ్యాన్‌కూ రాగి గొట్టం చివరి సన్నటి రేకులకూ మధ్య పత్తి నూగు, రోడ్డు మట్టి కలిసి దళసరిగా పేరుకుని కనిపిస్తాయి. కాళేశ్వరం పోయే దారి, పైగా ఇసుక లారీలు. ఇంకోలా ఎలా ఉంటుంది? తెచ్చినవాళ్లు మాత్రం ‘హ్యాంగవుతోంది, ర్యామ్ పెంచాలా’ అని అడుగుతారు. బ్రష్షు, బ్లోయర్ పట్టి, ఎండిపోయిన పేస్ట్ గీకేసి కొత్తది పెడితే చాలా మెషీన్లు తేరుకుంటాయి. అయితే ఈ ఊళ్లో అది సగం వైద్యమేనని నా అభిప్రాయం.

ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీల గాలి దాకా వాడుకోవచ్చని చాలా కంపెనీలు రాస్తాయి. ఇక్కడ ఎండలు ముదిరితే 44, 45 వింతేమీ కాదు. ఫ్యాన్ గాలిని తోలగలదే కానీ చల్లబరచలేదు. 25 డిగ్రీల గదిలో 70కి చేరే చిప్, అదే పనికి 45 డిగ్రీల గదిలో 90 దగ్గర తేలుతుంది. ఇదే జిల్లాలోని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లలో నీటిని ఆవిరి చేసి వేడిని వదిలించుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు గదిలోని గాలే దిక్కు. కూలింగ్ ప్యాడ్ తోలేదీ ఆ వేడిగాలినే కాబట్టి దానిమీద నాకు పెద్ద గురి లేదు. పరుపు మీంచి తీసి బల్లమీద పెడితే ఆ లాభంలో చాలావరకు ఊరికే వస్తుంది.

మన చేతిలో ఉన్నది పుట్టే వేడిని తగ్గించడం. చిప్ వేగం పెరగాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగు రెట్లకు మించుతుంది. అందుకే టర్బో ఇచ్చే ఆ చివరి కొసరు వేగం బాగా ఖరీదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే చాలా ఇంటెల్ మెషీన్లలో టర్బో ఆగిపోతుంది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఎందుకు వదులుకోవాలి? దరఖాస్తులు నింపే సెంటర్‌కు అది అక్కర్లేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకు కావాలి, నిజమే. కానీ 100 డిగ్రీల దరిదాపుల్లో చిప్ తనంతట తానే నెమ్మదిస్తుంది కనుక ఎండాకాలంలో ఆ వేగం ఎక్కువసేపు దక్కదు. ‘తనను తాను కాపాడుకుంటుందిగా, ఇక భయమేమిటి’ అన్న మాటను చిప్ వరకు ఒప్పుకుంటాను. పక్కనున్న లిథియం బ్యాటరీ సంగతి వేరు. నిండా చార్జయి, ఆ వేడిలో రోజంతా ప్లగ్గుకే ఉంటే దాని సత్తువ తరుగుతుంది, మళ్లీ రాదు. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ చాలా కొత్త మోడళ్లలో ఉంది. కరెంటు పోయినప్పుడు కాసేపు నడిస్తే చాలనుకునే షాపులకు అది నష్టమేమీ కాదు.