తువ్వాల కింది చెయ్యి

సంతలో ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఎదుటివాడు మాదిగోడని అనుమానం వస్తే మాత్రం ఎద్దు నోటికంటే ముందు అతని కులం అడుగుతారు. పశువుల బేరం నమ్మకం మీద నడుస్తుందని, నోటిమాటే దస్తావేజని పెద్దలు గొప్పగా చెబుతుంటారు. ఎవరి నోటిమాట? ఎవరి మీద నమ్మకం? ఈ సంగతి వాళ్లు చెప్పరు. మా నాయిన బతుకంతా సంతల్లో తిరిగినవాడు గనుక నేను చెప్పాల్సి వస్తోంది.

మాది పాలమూరు. పెబ్బేరులో ప్రతి శనివారం పశువుల సంత. మా నాయిన ఆ సంతకు ఏండ్ల తరబడి పోయాడు, తన కోసం కాదు, ఊరి పటేండ్ల కోసం. వాళ్లు బండి మీద పోయేవాళ్లు. మా నాయిన బండి వెనక నడిచేవాడు. వచ్చేటప్పుడు కొన్న ఎడ్లను తోలుకుంటూ నడిచేవాడు. ఇంత దూరం ఒక మాదిగోణ్ణి ఎందుకు వెంటబెట్టుకు పోయేవాళ్లు? ఎద్దును చూసి చెప్పటంలో మా నాయినను మించినవాడు చుట్టుపక్కల లేడు గనుక.

ఆ తెలివి ఎక్కడినుంచి వచ్చిందంటే, ఊళ్లో గొడ్డు చస్తే తీసేది మేమే. తోలు ఒలిచేది మేమే. ఆ తోలుతో మోట బొక్కెన కుట్టి, చెప్పులు కుట్టి, చెర్నాకోల అల్లి ఊరికి ఇచ్చేది మేమే. బతికున్న గొడ్డును బయటినుంచి చూసేవాళ్లు ఊరంతా ఉంటారు. చచ్చిన గొడ్డును లోపలినుంచి చూసినవాళ్లు మేమొక్కళ్లమే. మేతలో పడి మింగిన మేకు కడుపులో ఎక్కడ గుచ్చుకుందో, జలగలు పట్టిన కార్జం ఎట్లుంటుందో మా నాయిన చేతులకు తెలుసు. జబ్బవాపు ఏదో, గొంతువాపు ఏదో చూడగానే చెప్పేవాడు. దొమ్మరోగంతో చచ్చినదానికి కత్తి పెట్టొద్దని గూడెంలో అందరికీ చెప్పేవాడు. ఏ బేరగాడి దగ్గర కొన్న ఎద్దు ఎన్నాళ్లు బతికిందో, దేనితో చచ్చిందో ఆయన దగ్గర లెక్క ఉండేది. కాగితం మీది లెక్క కాదు.

ఎద్దుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. కింద ఎనిమిది ఉంటాయి. రెండేండ్లు దాటాక నడిమి పాలపళ్లు రెండు ఊడి పెద్దపళ్లు రెండు వస్తాయి. ఆ తర్వాత నాలుగు, ఆరు. నాలుగైదేండ్లకు ఎనిమిదీ వచ్చి నోరు నిండుతుంది. అక్కణ్ణుంచి అరుగుదలను బట్టే వయసు చెప్పాలి. అసలు పని ఇక్కడే ఉంది. ముసలి ఎద్దు కొమ్ములు చెక్కి నూనె రాస్తారు. ఉప్పు నాకించి నీళ్లు తాగించి కడుపు నిండుగా కనిపించేటట్టు చేస్తారు. కాడి కింద పండుకునే ఎద్దును సంతలో కూర్చోనివ్వకుండా నిలబెట్టే ఉంచుతారు. ఇవన్నీ మా నాయిన రెండు చూపుల్లో పట్టేవాడు. కానీ పటేలు పక్కన నిలబడి నోరు విప్పి చెప్పకూడదు. మాదిగోడు చెబితే పటేలు కొన్నాడంటే పటేలుకు నామోషీ. అందుకని వాళ్లిద్దరి మధ్య ఒక గుర్తు ఉండేది. "ఎండ బాగ కొడుతున్నది పటేలా" అంటే వద్దని. "ఇంగ పోదామా పటేలా" అంటే కొనమని. బేరం కుదిరాక దళారికి రెండు దిక్కులా పైసలు ముట్టేవి. మా నాయినకు సంత బయట ఒక చాయ, అది కూడా వేరే గ్లాసులో.

ఇక ధర సంగతి. సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుతారు. ఆ తువ్వాల కింద వేళ్లు మాట్లాడతాయి. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, ఐదూ కలిపి పడితే ఐదు. అవి పదులో, వందలో ముందే అనుకుంటారు. వద్దంటే చెయ్యి విదిలిస్తారు, ఒప్పుకుంటే గట్టిగా పట్టుకుంటారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఆ ఇద్దరికి తప్ప ధర ఎవరికీ తెలియదు. దీనిలో చాలా సుళువు ఉంది. ఈ జత ఎంతకు పోయిందో పక్కవాడికి తెలియకపోతే పక్క జతకు మళ్లీ మొదటినుంచి బేరం ఆడొచ్చు. తగ్గినవాడికి పరువు పోదు. పెంచినవాడు మోసపోయానని నలుగురిలో అనిపించుకోడు.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ తువ్వాల కింద ఒక చెయ్యి ఇంకో చేతిని ముట్టుకోవాలి. చదివేవాళ్లు ఒక్క నిమిషం ఇక్కడ ఆగాలి.

1976లో మాకు రెండెకరాల అసైన్డు భూమికి పట్టా వచ్చింది. భూమి వచ్చాక ఎడ్లు కావాలి. మా అవ్వ కడియాలు అమ్మింది. నాలుగు మేకలు అమ్మినం. జీవితంలో మొదటిసారి మా నాయిన తన పైసలు రొండిన కట్టుకుని తన కోసం సంతకు పోయాడు. నన్ను కూడా తీసుకుపోయాడు. ఒక జత నచ్చింది. ఆరు పళ్ల కోడెలు. పళ్లు చూశాడు, నడిపించి చూశాడు, కాడి కట్టించి చూశాడు. అమ్మేవాడు కర్నూలు దిక్కు రైతు. తువ్వాల పరిచి చెయ్యి చాపాడు. మా నాయిన చెయ్యి ఇంకా తువ్వాల కిందికి పోలేదు. ఆయనే ఆగి అడిగాడు: "ఇంతకూ మీరేంటోళ్లు?"

మా నాయిన చెప్పాడు. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. ఆ రైతు తువ్వాల మడిచి భుజం మీద వేసుకున్నాడు. కోపం లేదు, తిట్టలేదు. "నోటితోనే చెప్పుకుందాంలే" అన్నాడు. అంతే. అక్కణ్ణుంచి బేరం అంతా బహిరంగం. మా నాయిన ఎంత అన్నదీ పదిమంది విన్నారు. పదిమందిలో ఇద్దరు ధర పెంచారు. ఇంకో ఇద్దరు "మాదిగోనికి ఇంత పైస యాడిదిరా" అని నవ్వారు. ఆ జత 1,100 రూపాయలకు తెగింది. అటువంటి జతే ఆ పొద్దు తువ్వాల కింద 900లకు పోయిందని తర్వాత ఒక దళారి చెప్పాడు. ముట్టకపోవటానికి మేము కట్టిన రుసుం 200 రూపాయలు. అంటరానితనం అంటే బావి, గుడి, హోటలు గ్లాసు అని రాస్తుంటారు. దానికి సంతలో ధర కూడా ఉంటుందని నేను ఆ రోజు చూశాను.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ సంగతి చెప్పిన దళారి సాయిబు. మా నాయినతో చెయ్యి కలిపేవాళ్లు సంతలో వాళ్లే. "నీకు తెల్సిన ఇద్దె నాకు తెల్వదు పెద్దయ్యా" అని ఆయన నవ్వేవాడు. తర్వాత మా నాయిన ఏ గొడ్డు కొన్నా, అమ్మినా ఆయన తువ్వాల కిందనే. ఆయన కూడా వ్యాపారే, తన లాభం తను చూసుకునేవాడే. కాని ముట్టుకున్న చేతితో పూర్తిగా అబద్ధం చెప్పటం కష్టమని మా నాయిన నమ్మకం.

సంతలో కొనటం ఒక ఎత్తు, ఊళ్లోకి తోలుకురావటం ఇంకో ఎత్తు. చావడి దగ్గర ఆపారు. "ఎవరి ఎడ్లురా ఇవి?" "నాయే పటేలా." నమ్మలేదు. ఎన్నో సంతల్లో ఈ మనిషి కళ్లను నమ్మి ఎడ్లు కొన్నవాళ్లే, అతని మాటను నమ్మలేదు. మా నాయిన సంత చిట్టీ తీసి చూపించాడు. రెండు ఎడ్లు, రంగు, కొమ్ము, ధర, కొన్నవాని పేరు. చిట్టీ చదివినాక వదిలారు. ఆ చిట్టీని మా అవ్వ పట్టా కాగితంతో కలిపి రేకుపెట్టెలో దాచింది. పటేలు ఇంట్లో సంత చిట్టీలు ఎవరూ దాచరు. వాళ్లకు మాట చాలు.

ఇది పాత కథ అనుకునేవాళ్లకు ఒక కొత్త సంగతి. 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లా టింబీ గ్రామంలో 21 ఏండ్ల దళిత యువకుణ్ణి చంపారు. అతను గుర్రం కొనుక్కుని స్వారీ చేసేవాడు. గుర్రం ఎక్కొద్దని ముందునుంచీ బెదిరించారని తండ్రి చెప్పాడు. గుర్రం అమ్మినవాడు పైసలు తీసుకుని అమ్మాడు. సంతకు అభ్యంతరం లేదు. ఊరికే అభ్యంతరం.

మాట మనకు పనికిరాదు, కాగితమే దిక్కు అని నేను చదువుకునే రోజుల్లో గట్టిగా అనుకునేవాణ్ణి. కాగితం సంగతి కూడా చెబుతాను. 1980లలో సబ్సిడీ రుణాలు వచ్చాయి. మా గూడెంలో పన్నెండు ఇండ్లకు బర్రెలు ఇచ్చారు. ఒక బ్యాంకాయన, ఒక పశువుల డాక్టరు, ఒక బేరగాడు చెట్టు కింద కూర్చున్నారు. కొనేవాళ్లం మేము ఎండలో నిలబడ్డాం. మా నాయిన తనకు రాసిన బర్రె నోరు చూశాడు, కొమ్ము చూశాడు, పొదుగు పట్టి చూశాడు. "మూడో ఈత అని రాసిండ్రు సారూ. దీని నోరు అరిగింది. పొదుగు నిండుగున్నదంటే నిన్నటిసంది పిండలే" అన్నాడు. "నచ్చకపోతే వేలిముద్ర పెట్టకు, లోను వేరేటోనికి పోతది" అన్నారు. పెట్టాడు. రెండేండ్లకు బర్రె చచ్చింది. చెవి బిళ్ల ఎక్కడో ఊడిపోయింది గనుక బీమా రాలేదు. కిస్తులు మాత్రం ఆగలేదు. ముగ్గురు చదువుకున్నవాళ్లు కలిసి కొన్న ఆ బర్రెను చివరికి లోపలినుంచి చూసింది మా నాయినే. దాని తోలు ఒలుస్తూ ఆయన ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నేను వకీలు చదువు చదివినప్పుడు 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం చూశాను. దాని 16వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, సరుకు నాణ్యతకు అమ్మేవాడు హామీ ఉన్నట్టు కాదు. కొనేవాడే కండ్లు తెరుచుకుని చూసుకోవాలి. మంచిదే. చూసే కండ్లు మాకు ఉన్నాయి. చూసింది చెప్పే హక్కు లేదు, చూసి వద్దని లేచిపోయే బలం లేదు. అటువంటి కొనుగోలుదారు ఒకడు ఉంటాడని ఆ సెక్షన్ అనుకోలేదు.

అంబేడ్కర్ కొలంబియాలో చదివి వచ్చిన తర్వాత బొంబాయిలో పెట్టుబడుల మీద సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలియగానే ఖాతాదారులు రావటం మానేశారు. సలహా తప్పని కాదు. మా నాయిన ఎండ గురించి మాట్లాడి పటేలుకు సలహా చెప్పిన సంగతికీ, దీనికీ పెద్ద తేడా లేదు. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములను కొట్టారు. చచ్చిన ఆవు అని వాళ్లు చెప్పిన మాట చెల్లలేదు. 2017 మేలో కేంద్ర ప్రభుత్వం సంతలకు నిబంధనలు తెచ్చి, కోతకు అమ్మటం లేదని అమ్మేవాడూ, కోతకు కొనటం లేదని కొనేవాడూ రాసివ్వాలంది. ఆ జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటా వాటి అమలు ఆపింది. ముసలి గొడ్డును ఏం చేసుకోవాలో చిన్న రైతునూ అడగలేదు, తోలు పని చేసేవాణ్ణీ అడగలేదు.

ఇన్ని చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. మాటలో నమ్మకం లేదు, కాగితంలోనూ లేదు. వద్దు అనగలిగినవాడికే ఎదుటివాడు నిజం చెబుతాడు. భూమి ఉన్నవాడు వద్దంటాడు, ఇంకో సంతకు పోతాడు. ఆకలిగొన్నవాడు, అప్పులోవాడు, అంటరానివాడు వద్దనలేడు. అతనికి అబద్ధం చెప్పినా ఏమీ కాదు. కాబట్టి మనవాళ్లకు కావలసింది పెద్దల మంచితనం కాదు. వద్దని లేచిపోయినా ఆ పూట పొయ్యి వెలిగేంత భూమి, కూలి, చదువు, పక్కన నిలబడే నలుగురు.

మా నాయిన పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడు మా ఊళ్లో దున్నేది ట్రాక్టర్లు. ఆయన నేర్పిన ఒక్క సూత్రం మాత్రం ఎడ్లతోపాటు పోలేదు. "నోరు తెరిచి చూడనియ్యనోని దగ్గర కొనకు బిడ్డా" అనేవాడు. సంఘాల్లో తిరిగే పిల్లలకు నేను ఇదే చెబుతుంటాను. మీ దగ్గరికి ఓటు కోసం వచ్చేవాడు వస్తాడు, జెండా పట్టుకొమ్మని వచ్చేవాడు వస్తాడు, మన కులంవాణ్ణే అని వచ్చేవాడూ వస్తాడు. అందరూ తువ్వాల పరిచే వస్తారు. చెయ్యి కలపండి, తప్పులేదు. కలిపే ముందు పళ్లు చూడండి.