గాలి పోయిందా?

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం శ్రీశైలం రూటే. నలుగురి ముందు గట్టిగా ఆవలించడానికి కూడా మొహమాటపడే మనిషి. అలాంటి మనిషిని 2023 నవంబరులో ఒక వారం పాటు డాక్టర్లు, నర్సులు, చుట్టాలు, పక్క మంచం వాళ్ళు, అందరూ కలిసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "గాలి పోయిందా?"

నవ్వొస్తోంది కదూ. ఇప్పుడు నాకూ వస్తోంది. అప్పుడు మాత్రం అస్సలు రాలేదు.

సంగతేంటంటే, ఆ యేడు దసరాకి ఇంటికెళ్తే నాన్న మెట్లెక్కి ఆయాసపడుతున్నారు. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. ఇంత తక్కువెందుకుంది అని ఆరా తీస్తూ పోతే, చివరికి పెద్దపేగు కుడివైపు గడ్డ ఉందని తేలింది. గుంటూరులో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. పొట్ట కోసి, పెద్దపేగులో కుడి సగం, దానికి ఆనుకుని ఉన్న చిన్నపేగు చివర కాస్త తీసేసి, మిగిలిన రెండు కొసల్నీ కలిపి అతికారు. డాక్టరమ్మ బయటికొచ్చి "బాగా జరిగింది" అంది. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నా. అసలు కథ అప్పుడే మొదలైందని నాకేం తెలుసు!

పేగుల సంగతి మనకెవరికీ పెద్దగా తెలియదు. గుండె ఆగితే తెలుస్తుంది, ఊపిరి ఆగితే తెలుస్తుంది. పేగు ఆగితే? పొట్ట తెరిచి పేగుల్ని చేత్తో కదిపితే చాలు, అవి పని మానేస్తాయట. మొదట నరాలే "ఆగు" అని సిగ్నల్ ఇస్తాయి. కొన్ని గంటల తర్వాత పేగు గోడలోని కండరానికి వాపు వస్తుంది. ఇది అందరికీ జరిగేదే. మామూలుగా చిన్నపేగు ఒక్క రోజులోపే తేరుకుంటుంది, జీర్ణాశయం ఒకటి రెండు రోజుల్లో, పెద్దపేగు రెండు మూడు రోజుల్లో. అంతకంటే ఎక్కువ రోజులు మొరాయిస్తే దాన్ని ఇలియస్ అంటారు. పేగుకి ఎక్కడా అడ్డం ఉండదు, తెగిపోయి ఉండదు. ఊరికే కదలదు, అంతే. పేగు ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో ఒకరిద్దరికి ఇలా అవుతుందట. కదలిక మళ్ళీ మొదలైందనడానికి అందరూ ఎదురుచూసే మొదటి గుర్తు గాలి పోవడం. అందుకే ఆ ప్రశ్న.

ఇప్పుడు మొదటి మూడు రోజులూ మేం చేసిన సేవ చెప్తాను.

నాన్న నీరసంగా ఉన్నారని నేను డ్యూటీ డాక్టరు వెంటపడి ఇంకో సెలైన్ బాటిల్ పెట్టించాను. మన దగ్గర సెలైన్ అంటే బలం కదా! నాన్న కాస్త మూలిగితే చాలు, పరిగెత్తుకెళ్ళి నర్సుని తీసుకొచ్చి నొప్పి ఇంజక్షన్ చేయించాను. అది ట్రమడాల్ అని తర్వాత తెలిసింది. రెండో రోజు మంచం దిగి నాలుగడుగులు వెయ్యమని నర్సు చెప్తే, మా అత్తయ్య "పచ్చి ఒళ్ళు, కదిలితే కుట్లు ఊడతాయి" అంది. నేనూ "పడుకో నాన్నా, నువ్వు కదలకు, అన్నీ నేను చూసుకుంటా" అన్నాను. కొంచెం కొంచెంగా జావ పట్టించమంటే "అతుకు పచ్చిగా ఉంటే జావేందిరా" అని మళ్ళీ అత్తయ్యే ఆపింది. సరేలే, పెద్దవాళ్ళకి తెలుసు కదా అని ఊరుకున్నా. ఆ వారం మాకు రిలీజు ఉంది. నాన్న కళ్ళు మూసుకుని పడుకుంటే నాకూ పని జరిగేది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని లాగ్స్ చూసుకుంటూ, భలే చూసుకుంటున్నాను నాన్నని అని లోపల్లోపల గర్వం కూడా పడ్డాను.

నాలుగో రోజు పొద్దున్నకి పొట్ట డప్పులా ఉబ్బింది. మధ్యాహ్నం ఆకుపచ్చగా వాంతి. రెండుసార్లు. ముక్కులోంచి గొట్టం వేసి లోపలున్నదంతా బయటికి లాగారు, లీటరు పైనే వచ్చింది. నాన్న కళ్ళల్లో నీళ్ళు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను చూడలేదు. అమ్మ వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరమ్మ భయం వేరే. అతుకు ఊడి లీకవుతోందేమో, లేదా పేగు ఎక్కడైనా మెలిపడిందేమో అని. ఆ రెండింటిలో ఏదైనా సరే, మళ్ళీ పొట్ట కొయ్యాల్సి రావచ్చు. స్కాన్‌కి పంపించారు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసిన గంటన్నర గురించి నేను రాయలేను. రిపోర్టులో లీకు లేదు, అడ్డం లేదు. పేగులు మొత్తం ఉబ్బి, కదలకుండా ఉన్నాయి. రక్తంలో పొటాషియం 2.9 ఉంది, కనీసం 3.5 ఉండాలి. అది తగ్గినా పేగు కండరం పనిచెయ్యదట.

ఆ రాత్రి నేను మన జాతి వాళ్ళందరూ చేసే పనే చేశాను. గూగుల్. ఇంత పెద్ద సమస్యకి మందు లేకుండా ఉంటుందా అని. దొరికింది కూడా! ఆల్విమోపాన్. పేగు ఆపరేషన్ తర్వాత కదలిక త్వరగా రావడానికి 2008లో అమెరికాలో అనుమతి పొందిన మందు. పొద్దున్నే డాక్టరమ్మ రాగానే ఫోన్ చూపించి, ఇది తెప్పిద్దామా మేడమ్, ఎంతయినా ఫర్లేదు అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "బాబూ, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు పేగుల్ని పట్టి ఆపేస్తాయి. ఈ మందు పేగుల దగ్గర ఆ పట్టుని అడ్డుకుంటుంది. మొదటి డోసు ఆపరేషన్‌కి ముందే వెయ్యాలి. గుండెపోటు భయం ఉందని అక్కడ కూడా ఆస్పత్రిలోనే, మొత్తం పదిహేను డోసులకి మించకుండా ఇస్తారు. ఇప్పుడు మీ నాన్నకి పనికిరాదు. దానికంటే తేలికైనది చెప్తాను, ఆ నొప్పి మందే మానేద్దాం" అంది.

మరి కదిలించే మందులేం లేవా అన్నాను. ఉన్నాయిగానీ, వాంతికి వాడే మెటోక్లోప్రమైడ్, పేగు కదలిక కోసం ప్రయత్నించిన ఎరిత్రోమైసిన్ ఇలాంటి వాళ్ళమీద వాడి చూస్తే తేడా రాలేదంది. "ఇందులో వైద్యం అంటే కొత్తగా ఏదో చెయ్యడం కంటే, అడ్డుపడుతున్నవి తియ్యడమే ఎక్కువ" అంది.

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నేను వింటూ మూడు రోజులుగా మేం చేసిన పనుల్ని లోపల టిక్కు పెట్టుకుంటూ పోయాను. సెలైన్ ఎక్కువైతే ఉప్పూ నీరూ పేగు గోడలోకి చేరి అది ఉబ్బుతుంది, ఇంకా మందగిస్తుంది. (2002లో ఇంగ్లాండులో నాటింగ్‌హామ్ డాక్టర్లు పెద్దపేగు ఆపరేషన్ అయిన ఇరవై మందితో ఇది పరీక్షించారని తర్వాత చదివాను. సెలైన్ తగ్గించిన వాళ్ళకి జీర్ణాశయం త్వరగా పనిచేసింది, మూడు రోజులు ముందే ఇంటికి వెళ్ళారు.) ట్రమడాల్ ఎక్కువైతే పేగు మత్తులో పడుతుంది. కదలకుండా పడుకోవడం మంచిది కాదు. తినగలిగిన రోజున అనవసరంగా కడుపు మాడ్చడమూ మంచిది కాదు.

నాలుగుకి నాలుగూ. ఫుల్ మార్కులు.

నా మొహం చూసి ఆవిడకి అర్థమయిందనుకుంటా. "నీవల్లే అయ్యిందని ఎవరూ చెప్పలేరు, అన్నీ సరిగ్గా చేసినా కొందరికి అవుతుంది" అంది. అది నిజమే. కానీ ప్రేమ అనుకుని నేను చేసిన నాలుగు పనుల్లో ఒక్కటి కూడా ఆయన పేగుకి సాయం చేసేది కాదు, అదీ నిజమే. పైగా అందులో ఎంత ప్రేమో, ఎంత నా సౌకర్యమో నాకు మాత్రమే తెలుసు.

ఈ "అడ్డం తియ్యడం" అన్న ఆలోచనకి పెద్ద చరిత్రే ఉంది. డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ 1990ల్లో దీన్ని పద్ధతిగా చేసి చూపించాడు. వెన్ను దగ్గర మత్తు ఇచ్చి నొప్పి తగ్గించడం, మార్ఫిన్ లాంటివి వీలైనంత తగ్గించడం, గొట్టాలు అనవసరంగా ఉంచకపోవడం, అదే రోజు లేపి నడిపించడం, త్వరగా తినిపించడం. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిపితే, పెద్దపేగు ఆపరేషన్ అయిన వాళ్ళలో చాలామంది రెండు మూడు రోజులకే ఇంటికెళ్ళారు. ఇప్పుడు దీన్ని ఈఆర్ఏఎస్ అంటారు.

ఐదో రోజు మధ్యాహ్నం నుంచి మా పని మారిపోయింది. ట్రమడాల్ ఆపేసి పారాసెటమాల్ ఎక్కించారు. సెలైన్ లెక్క ప్రకారం, అందులో పొటాషియం. వాంతులు, ఉబ్బరం ఉన్నాయి కాబట్టి ముక్కులో గొట్టం మాత్రం ఉంచారు, నోటికి ఏమీ లేదు. నాన్నని నడిపించడం నా డ్యూటీ. ఒక చేత్తో నాన్న, ఇంకో చేత్తో సెలైన్ స్టాండు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నలభై అడుగులు. రోజుకి ఆరు ట్రిప్పులు. లాప్‌టాప్ బ్యాగులో పెట్టేసి లీడ్‌కి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. ఆకాశం ఊడిపడలేదు, రిలీజు నేను లేకుండానే అయింది. :)

మూడో ట్రిప్పులో నాన్న గోడ పట్టుకుని ఆగి, గొట్టంతో ముక్కుగొంతుతోనే అన్నారు. "ఘాట్ మీద బండ్లు ఆగిపోతే వెనకోడు హారన్ కొడతానే ఉంటాడురా. హారన్ కొడితే కదుల్తాయా? దిగి, అడ్డం పడిన చెట్టు తియ్యాలి. తీసి, ఊరికే కూర్చోవాలి."

ఇంకో చిన్న ముచ్చట. డాక్టరమ్మ చూయింగ్ గమ్ నమిలించమంది. నమిలితే తిండి వస్తోందనుకుని మెదడు పేగులకి కబురు పంపుతుందట. 2002లో జపాన్‌లో మొదలైన ఆలోచన. 2015 నాటికి ఇలాంటి అధ్యయనాలు 81 పోగేసి చూస్తే కాస్త లాభం కనబడింది, కానీ వాటిలో చాలావాటి నాణ్యత అంతంతమాత్రం. 2018లో నెదర్లాండ్స్‌లో సుమారు 2000 మందితో చేస్తే తేడా ఏమీ తేలలేదు. "పనిచేస్తే మంచిది, చెయ్యకపోతే రెండు రూపాయలు పోయాయి" అంది ఆవిడ. నాన్న మాత్రం "వక్కపొడి అయితే కుదరదా?" అని అడిగారు. కుదరదంది.

కాఫీ మీద కూడా పరిశోధన ఉందండోయ్. 2012లో జర్మనీలో 80 మందితో చేశారు. మంచినీళ్ళు తాగిన వాళ్ళకి మొదటి విరేచనం 74 గంటలకి అయితే, కాఫీ తాగిన వాళ్ళకి 60 గంటలకే అయింది. ఇది అమ్మకి చెప్పడం నా తప్పు. ఆ రోజు నుంచి ఫ్లాస్కుతో తయారుగా కూర్చుంది, నోటికి ఎప్పుడిమ్మంటారా అని.

ఆరో రోజు రాత్రి మూడు దాటింది. కింద చాప మీద పడుకున్నాను. శబ్దం వినబడింది. చిన్నదే. అమ్మా నేనూ ఒకేసారి లేచి కూర్చున్నాం. చీకట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాన్న నెమ్మదిగా, సిగ్గుపడుతూ, "పోయిందిరా" అన్నారు. అమ్మ చీకట్లోనే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నేను బయటికొచ్చి వరండాలో ఆ నలభై అడుగులూ ఒక్కణ్ణే నడిచాను. ఏడుపు ఆగడానికి రెండు ట్రిప్పులు పట్టింది.

మర్నాడు గొట్టం తీసేశారు. సాయంత్రం రెండు చెంచాల కాఫీ. తొమ్మిదో రోజు ఇడ్లీ. పదకొండో రోజు ఇల్లు. తర్వాత వారం బయాప్సీ రిపోర్టు వచ్చింది. తీసిన గ్రంథుల్లో దేనికీ క్యాన్సర్ పాకలేదు. పరీక్షలు మాత్రం క్రమం తప్పకుండా చేయించుకుంటున్నారు.

నేను డాక్టర్ని కాను, కాబట్టి మీకు వైద్యం చెప్పను. కానీ మనలో చాలామందికి ఊళ్ళో అమ్మానాన్నలున్నారు, ఏదో ఒక రోజు ఆ స్టూలు మీద మనమూ కూర్చోవాల్సిందే. ఆపరేషన్‌కి ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. నొప్పికి ఏం ఇస్తారు, మార్ఫిన్ లాంటివి తగ్గించే వీలుందా? ఎప్పుడు లేపి నడిపించాలి? ఎప్పటి నుంచి నోటికి ఇవ్వొచ్చు? సెలైన్ ఎప్పుడు ఆపుతారు? ఆ తర్వాత అత్తయ్య ఏమన్నా సరే డాక్టరు చెప్పిందే చెయ్యండి. పొట్ట ఉబ్బినా, వాంతయినా, జ్వరం వచ్చినా, గుండె వేగం పెరిగినా తెల్లారేదాకా ఆగకుండా చెప్పండి. అది ఇలియస్ కాకపోవచ్చు, లీకు కావచ్చు.

ఇప్పుడు నాన్న బాగున్నారు. మొహమాటం మాత్రం కాస్త తగ్గింది. మొన్న ఏదో డిప్లాయ్‌మెంట్ ఇరుక్కుపోయి రాత్రి పదకొండింటికి కూడా ఆఫీసులోనే ఉన్నానని చెప్తే, ఫోన్‌లో ఆయన అడిగిన మొదటి మాట:

"ఏందిరా, ఇంకా గాలి పోలేదా?"