సీసా బస్సెక్కితే

నాట్ల కాలంలో మా కామారెడ్డి ఓపీకి మూత్రంలో మంటతో వచ్చే ఆడవాళ్లు ఎక్కువ. మడిలో దిగాక చాటుకు పోయే వీలుండదు, అందుకని నీళ్లే తాగరు. బీడీలు చుట్టేవాళ్లదీ అదే తంతు. ఒళ్లో చాట, చాటలో తునికాకు. లేస్తే లెక్క తగ్గుతుంది.

"ఒంటికి పోతుంటే మంట సారూ. పోయినసారి గా గోలీలకే తగ్గింది, గవే రాయి."

'గవి' సిప్రోఫ్లాక్సాసినో సెఫిక్సిమో అయ్యుంటాయి. మంట తగ్గగానే ఆపేసి ఉంటుంది. ఈ జబ్బుకు ముఖ్య కారణమైన ఈ-కోలై మన పేగుల్లోదే. జలుబుకు యాంటీబయాటిక్ మింగినా సరే, పేగుల్లో దాన్ని తట్టుకున్నవే మిగులుతాయి. తర్వాత మూత్రనాళంలోకి ఎక్కేవీ అవే.

అందుకే మూత్రం కల్చర్ రాస్తాను, అంటే క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో పొద్దున పట్టిన సీసా, సంచిలో బస్సెక్కి ఇక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. దారి పొడవునా లోపల క్రిములు పెరుగుతూనే ఉంటాయి. మిల్లీలీటరుకు లక్ష కాలనీలని రిపోర్టొస్తే జబ్బును అనాలా, బస్సును అనాలా? ల్యాబ్‌లోనే పట్టమంటాను: శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, నడిమి ధార, మూత లోపల వేలు తగలకూడదు, గోలీ ఇంకా మొదలుపెట్టి ఉండకూడదు. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి.

రిపోర్టుకు రెండు మూడు రోజులు. అంతదాకా మంటతో కూర్చోమనలేం కదా. జ్వరం, నడుము పక్క నొప్పి, గర్భం లేకపోతే, కిడ్నీలు బాగుంటే నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులు. 1950ల నాటి ఈ ముసలి మందు, కుర్ర మందులు చేతులెత్తేసిన చోట ఇంకా పనిచేస్తోంది. రక్తంలో నిలవదు, మూత్రంలో పోగవుతుంది. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకితే మాత్రం దండగ.

కొన్ని రిపోర్టుల్లో 'ఈఎస్‌బీఎల్' (చాలా యాంటీబయాటిక్‌లను విరిచేసే ఎంజైమ్) అని ఉండి, నోటి మందుల ఎదురుగా వరసగా 'ఆర్'లే, అంటే లొంగదని. అట్టడుగున సూదిమందు మెరోపెనమ్‌కు 'ఎస్', అంటే లొంగుతుందని. గోలీతో పోవాల్సిన జబ్బుకు రోజుకు మూడు సూదులు, కూలి పోగొట్టుకుని.

ఇంకో రకం ఉంటుంది. షుగరున్న పెద్దాయనకు మంటా లేదు, జ్వరమూ లేదు. రిపోర్టులో క్రిములున్నాయని కొడుకు మందు రాయమంటాడు. రాయను. అదే రిపోర్టు గర్భిణిదైతే రాస్తాను.

సెఫిక్సిమ్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు రిజిస్టర్‌లో మూడేళ్లు ఉండాలి. మెడికల్ షాపు తమ్ముళ్లూ, మంటని వచ్చిన అక్కకు గోలీలు చేతిలో పెట్టకండి, ల్యాబ్ దారి చూపండి.