ఇండియానాపోలిస్‌లో ‘పెళ్లిచూపులు’!

ఫిబ్రవరి నెలాఖరు. అమెరికాలోని ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్‌లో ఎముకలు కొరికే చలి. అయినా ఊరి నడిబొడ్డున హోటళ్లు కిటకిటలాడుతుంటాయి. ఎందుకంటే అక్కడ పెళ్లిచూపులు జరుగుతున్నాయి మరి! వచ్చింది 32 ఫుట్‌బాల్ జట్ల పెద్దలు. చూసేది మూడొందల మందికి పైగా కాలేజీ కుర్రాళ్లను.

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకునేరు. ఇది కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. ఏప్రిల్‌లో ‘డ్రాఫ్ట్’ పేరిట ఏడు రౌండ్లలో జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. దానికి ముందు జరిగే పరీక్షే ఈ ‘కంబైన్’. 1987లో ఈ ఊరికి వచ్చింది. కరోనా వల్ల 2021లో మాత్రం ఆగింది.

వేదిక... 2008లో ప్రారంభమైన లూకాస్ ఆయిల్ స్టేడియం. పైకప్పును తెరవొచ్చు, మూయొచ్చు. చుట్టుపక్కల హోటళ్ల నుంచి కన్వెన్షన్ సెంటర్‌కు కప్పున్న వంతెనలున్నాయి. బయట మంచు పడుతున్నా చింత లేదు. చీకటిపడితే చాలామంది అడుగులు 1902 నాటి సెయింట్ ఎల్మో స్టీక్ హౌస్ వైపు పడతాయి. అక్కడి రొయ్యల సాస్ ఘాటుకు ముక్కు అదిరిపోవాల్సిందే!

అటు వస్తాదు... ఇటు లేడి

ఈ కుర్రాళ్లలో అంచనాకు అందనివాడు ‘టైట్ ఎండ్’. వరస చివర నిలబడతాడు. ఓసారి నూట ఇరవై కిలోల ప్రత్యర్థిని ఛాతీతో నెట్టి, తన జట్టు వాడికి దారి చేయాలి. మరుక్షణం లేడిలా పరుగెత్తి బంతిని అందుకోవాలి. రెండు ఉద్యోగాలు, ఒకే మనిషి!

అందుకే పరీక్షలూ ఎక్కువే. బొటనవేలి చివరి నుంచి చిటికెన వేలి చివరి దాకా చెయ్యి కొలుస్తారు. 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెడతారు. 40 గజాల పరుగుకు గడియారం పెడతారు. మైదానం అడ్డంగా పరుగెడుతుంటే అటొకటి, ఇటొకటి బంతులు విసురుతారు. వేగం తగ్గకుండా అన్నీ పట్టాలి. ఇక డాక్టర్ల పరీక్షలు, ఇంటర్వ్యూలు సరేసరి. ఒక రౌండు వెనకబడినా జీతంలో పెద్ద తేడా వస్తుంది. కుర్రాళ్ల గుండె దడకు కారణమదే.

ఇంతా చేస్తే ఒక లోటుంది. ఇక్కడ ఎదురుగా ప్రత్యర్థి ఉండడు. మనిషిని నెట్టే సత్తా ఎంతో గడియారం చెప్పలేదు. దానికి కాలేజీ మ్యాచ్‌ల వీడియోలే గతి.

2006లో వెర్నన్ డేవిస్ 115 కిలోల శరీరంతో 40 గజాలను 4.38 సెకన్లలో దాటేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఆరో ఆటగాడిగా ఎగరేసుకుపోయింది. 2017లో జార్జ్ కిటిల్ కూడా 4.52 సెకన్లతో మెరిశాడు. కానీ అయోవా విశ్వవిద్యాలయంలో ఉన్నన్నాళ్లూ అతను పట్టిన బంతులు 48 మాత్రమే. అదే శాన్‌ఫ్రాన్సిస్కో అతణ్ని 146వ స్థానంలో తీసుకుంది. మరుసటి ఏడాదే 1,377 గజాలు సాధించి, టైట్ ఎండ్లలో అప్పటికి రికార్డు సృష్టించాడు. 2013లో ట్రావిస్ కెల్సీ శస్త్రచికిత్స వల్ల పరుగు పరీక్షలే ఇవ్వలేదు. 63వ స్థానంలో కాన్సస్ సిటీకి దొరికాడు. ఆ జట్టుతో మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

అందరికంటే విచిత్రం ఆంటోనియో గేట్స్‌ది. కెంట్ స్టేట్‌లో అతను ఆడింది బాస్కెట్‌బాల్! 2003 డ్రాఫ్ట్‌లో జట్లన్నీ కలిసి 262 మందిని ఎంచుకుంటే, వారిలో గేట్స్ లేడు. తర్వాత శాన్‌డియాగో జట్టు పిలిచి అవకాశమిచ్చింది. 116 టచ్‌డౌన్‌లు చేశాడు. టైట్ ఎండ్లలో అంతకు మించినవారు లేరు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అందుకేనేమో, స్టేడియంలో దీపాలు ఆరిపోయాక కూడా స్కౌట్ల పని పూర్తికాదు. అంకెల కాగితాలు పక్కన పెట్టుకుని, పాత మ్యాచ్‌ల వీడియోలను మళ్లీ మొదటి నుంచి చూడ్డం మొదలెడతారు.